పద్నాలుగు శనివారాల తూకం

నేను బట్టలు కుట్టే మనిషిని. పేరు మహాదేవమ్మ. కల్లూరులో మా ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. నా టేపు చెప్పిన మాట కాదని ఇంకొకరి మాట నమ్మింది ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారే. ఆ ఒక్కసారికీ నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

మా గోడకు ఆనుకునే వేణుగోపాల్ శెట్టి కిరాణా అంగడి. నాకు వేణన్న. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో బస్తాలు వేసుకునే గది. బియ్యం, పప్పు బేడలు, మరమరాలంటారే ఆ బొరుగులు ఆయన సరుకు. తూకం విషయంలో ఆ మనిషి పట్టింపు చూస్తే నవ్వొచ్చేది. బెల్లం ముక్క తూకానికి ఎక్కువైతే చూడనట్టు పొట్లం కట్టేసేవాడు. తక్కువైతే మాత్రం ఇంకో ముక్క చిదిపి వేసేదాకా ఊపిరి పీల్చుకునేవాడు కాదు. తండ్రి కేశవయ్య శెట్టి నేర్పిన బుద్ధి అది.

బొరుగులు శేరుతో కొలిచేటప్పుడు మొదటి శేరును ఆయన 'ఒకటి' అనడు. 'లాభం' అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. పాతకాలం శెట్ల అలవాటు. నేనొకసారి వేళాకోళానికి, "ఎవరికన్నా లాభం, నీకా నాకా?" అన్నాను.

"ఇద్దరికీ మ్మా. దొంగ కొలతకు ఆ మాట నోట రాకూడదు. అంటే ఇల్లు నిలవదని మా నాయన చెప్పేవాడు" అన్నాడు.

ఆయన భార్య శ్రీవాసవి. వాసవక్క. కడపలో బట్టల అంగడి వాళ్ళ ఆడపిల్ల. పంతొమ్మిదో ఏట ఇక్కడికి కోడలిగా వచ్చింది. నవ్విందంటే నాలుగిళ్ళ అవతలికి వినబడుతుంది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ గల్లా దగ్గర కూర్చునేది ఆమే. బాకీ అడగడం చేతకాదు, కొసరు వేయడం బాగా వచ్చు. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలింది పారేయడానికి మనసొప్పక తినేసేది. కూతురు సుచరిత పుట్టినప్పటి నుంచి అలా తింటూ తింటూ ఒళ్ళు పెంచింది. "నేను గిన్నెలు కడగను మాదేవమ్మా, ఖాళీ చేస్తా" అని తన మీద తానే జోకు వేసుకునేది. ఆ ఒంటిని చూసి ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు. నేను కొలత తీసేటప్పుడు చేతులు రెండూ పైకెత్తి, "రాసుకో, నలభై రెండు. దాచేదేముండాది!" అనేది.

రెండేళ్ళ కిందట వేణన్నకు కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడు రోజులు కర్నూలు వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుని వస్తున్నాడు. వెళ్ళిన రోజు మధ్యాహ్నానికి తోటకూర కాడలా వాడిపోయి తిరిగొచ్చేవాడు. ఇలా ఎన్నాళ్ళు, కిడ్నీ మార్చుకోవడమే మంచిది అన్నారు హైదరాబాదు ఆసుపత్రిలో. తమ్ముడికి షుగరు, పనికిరాడు. సుచరిత కడుపుతో ఉంది. చివరికి వాసవక్కను పరీక్ష చేస్తే రక్తం గుంపు కలిసింది, మిగతా పరీక్షలూ కలిశాయి.

ఆ రోజు బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. "నాది సరిపోయిందంట మాదేవమ్మా!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన పిల్ల ముఖంలా ఉంది ఆమె ముఖం.

ఒకటే అడ్డం. ఆమె బరువు ఎనభై నాలుగు కేజీలు. డెబ్బై ఏడుకు దిగితే తప్ప ఆపరేషన్ చేయనని డాక్టరు తెగేసి చెప్పాడు. ఇచ్చేవాళ్ళ ప్రాణం కూడా తనకు ముఖ్యమే అన్నాడట. వినాయక చవితి దాటాక రమ్మన్నాడు. చేతిలో ఉన్నవి మూడున్నర నెలలు.

"ఏం తినాలని చెప్పినారు?" అని అడిగాను.

"నన్ను రక్తం తీసే గదిలో కూర్చోబెట్టినారు. తిండి సంగతి చెప్పే ఆమె మీ అన్నతో మాట్లాడింది. రాత్రిపూట అన్నం తగ్గించమనిందంట."

తగ్గించడం ఏమిటి, వాసవక్క ఆ రాత్రి నుంచే అన్నం మానేసింది. మొండి మనిషి. పట్టుకుంటే వదలదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాళ్ళ ఇళ్ళలో శనివారం రాత్రి అన్నం ముట్టరు, వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. ముట్టరంటే పస్తు పడుకుంటారని కాదు. పలారం తింటారు. దోసె పలారం, ఉప్మా పలారం, బొరుగులు నానబెట్టి పుట్నాలపొడి వేసి తిరగమోత పెట్టిన ఉగ్గాని కూడా పలారమే. ఉడికించిన బియ్యం ఒక్కటే అన్నం. మిగిలినవి ఎంత తిన్నా ఒక్కపొద్దు చెడదు. వాసవక్క ఆ లెక్కనే పట్టుకుంది. వారంలో ఏడు రోజులూ శనివారం చేసింది. సోమవారం దోసెలు, మంగళవారం ఉప్మా, బుధవారం ఉగ్గాని. ఉగ్గాని చేసిన రోజు వేణన్న నీరసంగా ఉన్నా సరే బండి దాకా నడిచి వెళ్ళి, నాలుగు మిరపకాయ బజ్జీలు కాగితంలో చుట్టించుకుని వచ్చేవాడు.

"అన్నం మానుకుని కూర్చున్నావు కదా, ఇవన్నా తిను" అనేవాడు. ఎంత ప్రేమ అనుకున్నాను. ప్రేమే. అందులో సందేహం లేదు.

బరువు చూసుకోవడానికి వేరే ఎక్కడికో పోవలసిన పని లేదు. బస్తాల గదిలో కేశవయ్య శెట్టి నాటి పెద్ద కాటా ఉంది. కింద మనిషి నిలబడేంత ఇనుప పలక, పైన అంకెలు చెక్కిన అడ్డపట్టీ, దాని మీద అటూ ఇటూ జరిపే గుండు, చివర వేలాడే చిన్న పళ్ళెం. కరెంటు కాటా కొన్నాక దీన్ని వ్యాపారానికి వాడడం మానేశారు. అయినా వేణన్నకు దాని మీదే గురి. ప్రతి శనివారం పొద్దున్నే స్నానం చేసి వాసవక్క దాని మీద ఎక్కేది. ఆయన గుండు జరిపి, కళ్ళజోడు సరిచేసుకుని చదివేవాడు.

మొదటి శనివారం, "ఎనభై మూడున్నర." రెండో శనివారం, "ఎనభై మూడు. ఒక కేజీ తగ్గినావు."

నేను గడపలో నిలబడి విన్నాను. మొదటి కేజీకి ఆయన 'లాభం' అనలేదు. అది నా చెవికి తగిలింది. ఒంట్లో బాగాలేని మనిషి, పరధ్యానంలో ఉన్నాడనుకున్నాను. ఎంత తెలివి నాది!

వారం వారం అర్ధ కేజీ దిగుతూ వచ్చింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ము కరిగినట్టు కాదు, పాపం కరిగినట్టు కరిగింది అనేది వాసవక్క. వీధిలో ఆడవాళ్ళందరికీ ఇదే మాట. ఆకుకూరలు అమ్మే ఉరుకుందమ్మ రాత్రి అన్నం మానేసింది. ఎదురింటి టీచరమ్మ మానేసింది. నేనూ మానేశాను, జొన్నరొట్టెలు రెండు ఎక్కువ కొట్టుకున్నాను. వేణన్న కర్నూలు పోయిన ఒక రోజు వాసవక్క నన్ను కూడా కాటా ఎక్కించి తానే గుండు జరిపి చదివింది. యాభై ఎనిమిది. అంతకు ముందు నా బరువు అరవై రెండు. ఒక్కసారిగా నాలుగు కేజీలు! ఇద్దరమూ ఆ గదిలో చప్పట్లు కొట్టుకున్నాం. మధ్యాహ్నం ఆయన వచ్చాక ఆ సంగతి చెబితే, "ఆ కాటా ఎవరుబడితే వాళ్ళు ఎక్కకూడదమ్మా, పాతది" అన్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. సూదులు పొడిచి వచ్చిన రోజు కదా అనుకున్నాను.

మూడో నెలలో సుచరిత శ్రీమంతం వచ్చింది. అత్తవారిల్లు కడపలోనే. ఆ వేడుకకు పట్టుచీర మీదికి కొత్త జాకెట్టు కావాలంది వాసవక్క. ముచ్చటగా కొలత తీయబోయాను. నడుము నలభై రెండు. ఛాతీ నలభై నాలుగు. మళ్ళీ తీశాను. అదే.

"అక్కా, టేపులో ఏం తగ్గలేదే!" అన్నాను.

"ఆరు కేజీలు పోయినాయి మాదేవమ్మా! నీ టేపు సాగిపోయింటాది."

"పాత జాకెట్లు వదులైనాయా?"

"ల్యా. మీ అన్న చెప్పినాడు, కొవ్వు ముందు లోపలి నుంచి కరుగుతాదంట, పైకి కనపడేది తర్వాతంట."

నేను అప్పుడేం చేయాలి? ఇరవై రెండేళ్ళ పనితనం ఉన్నదాన్ని, నా చేతి కొలతను నేను నమ్మాలి. నమ్మలేదు. కేశవయ్య శెట్టి కాటా ముందు నా టేపు ఎంత? ఆ సాయంత్రమే దాన్ని పొయ్యిలో పడేసి, ఇరవై రూపాయలు పెట్టి కొత్తది కొన్నాను. కొత్త టేపూ నలభై రెండే చూపించింది. అయినా నోరు మూసుకున్నాను. కడపలో చుట్టాలంతా వాసవక్కను చుట్టుముట్టి ఎంత సన్నబడ్డావు, ముఖం ఎంత తేటగా ఉంది అన్నారు. అంకె చెవిన పడ్డాక మనుషుల కళ్ళు కూడా అదే చూస్తాయి.

పద్నాలుగో శనివారం వేణన్న "డెబ్బై ఏడు" అని చదివాడు. వాసవక్క కాటా దిగి దేవుడి గదిలోకి పోయి చాలాసేపు రాలేదు.

చవితి పోయిన గురువారం తెల్లవారుజామునే హైదరాబాదు బయలుదేరాం. అది వేణన్న కర్నూలు వెళ్ళే రోజు, అందుకని తోడు నేను వెళ్ళాను. దారి పొడవునా వాసవక్క మాటలే. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్ళకు వంట చేయనిస్తారు, సుచరిత పురుడు ముందొస్తుందా ఇది ముందొస్తుందా, అవే మాటలు.

ఆసుపత్రిలో నర్సు ఆమెను మిషను మీద నిలబెట్టింది. ఎర్ర అంకెలు వెలిగాయి. ఎనభై నాలుగు, పక్కన చుక్క, రెండు.

వాసవక్క నవ్వింది. "చూసుకోలేదు పాపా, గాజులతోనే ఎక్కినా" అని గాజులు తీసింది. మెడలో గొలుసు తీసి నా చేతికిచ్చింది. జడపిన్నులు కూడా తీసింది. మళ్ళీ ఎక్కింది. ఎనభై నాలుగు.

"మీ మిషను చెడిపోయిందమ్మా."

నర్సు విసుక్కోకుండా తానే ఎక్కి చూపించింది. యాభై ఒకటి, పొద్దున కూడా అంతే ఉన్నానంది. నేనూ ఎక్కాను. అరవై రెండున్నర. నాలుగు కేజీలు తగ్గానని వీధంతా చెప్పుకున్నదాన్ని నేను. వాసవక్క గాజులు మళ్ళీ వేసుకోవడం మరిచిపోయి, వాటిని గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

తిండి సంగతి చెప్పే అమ్మాయి పేరు శివాని. ఆదోని పిల్ల, మన మాటే. వాసవక్క తాను తిన్నదంతా ఆమెకు వరసగా చెప్పింది, ఒక్కపొద్దులు ఎంత నిష్ఠగా ఉందో పూజారికి చెప్పినట్టు. శివాని చివరిదాకా విని కలం కింద పెట్టింది.

"బొరుగులు దేంతో చేస్తారమ్మా?"

"బియ్యంతోనే. వడ్లు వేయించి..."

"దోసె?"

"బియ్యం, మినపబేడలు."

వాసవక్క అక్కడితో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు బియ్యమూ బొరుగులూ అమ్మిన ఇంటి మనిషి. ఆమెకు తెలియక కాదు. తెలిసిన విషయమే ఎప్పుడూ అటు నుంచి చూడలేదు.

"అన్నం మానేసి అన్నాన్నే ఇంకో పళ్ళెంలో తిన్నావమ్మా. పైగా నూనె, బజ్జీలు" అంది శివాని. "రాత్రి అన్నం మానితే కొందరు తగ్గే మాట నిజమే. ఎందుకు తగ్గుతారు? రోజు మొత్తంలో ఒక పూట తిండి తగ్గుతాది కాబట్టి. దాంట్లో రాత్రి మహిమ ఏమీ ల్యా. పగలు తిన్న ముద్దకూ రాత్రి తిన్న ముద్దకూ అంత పెద్ద తేడా ఉండదు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా నోట్లోకి ఎంత పోయిందనేదే లెక్క. గిన్నెల్లో మిగిలింది కూడా ఆ లెక్కే."

"మరి ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు తల్లీ?" అంది వాసవక్క.

శివాని ఆశ్చర్యపోయింది. "చెప్పినా కదమ్మా! ఇదే కుర్చీలో మీ ఆయనకు అరగంట చెప్పినా. ఏ పూట ఎంత తినాలో కాగితం రాసిచ్చినా. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు."

తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. కార్తీకం దాటేలోగా తగ్గాలి. వేణన్న గుండె వాస్తోందని, ఆ పైన ఆయనే ఆపరేషన్‌కు తట్టుకోలేడని, అప్పుడు ఎవరు ఇచ్చినా లాభం లేదని చెప్పాడు.

తిరుగు బస్సులో వాసవక్క ఒక్కటే మాట మూడు నాలుగు రకాలుగా అంది. కాగితం ఎక్కడో జారిపోయి ఉంటుంది. ఆయనకు సరిగా అర్థమై ఉండదు. కాటా పాతదై పాడైపోయి ఉంటుంది. నేను ఊ కొట్టాను. పాడైపోయిన కాటా వారానికి సరిగ్గా అర్ధ కేజీ చొప్పున పాడవుతుందా అని అడగాలనిపించింది. అడిగే ధైర్యం లేకపోయింది.

పొద్దు ఇంకా ఉండగానే కల్లూరు చేరాం. వేణన్న ఇంట్లో మంచం మీద ఉన్నాడు. వాసవక్క ఆయన దగ్గరికి పోలేదు. చెప్పులతోనే బస్తాల గదిలోకి పోయింది. మూలనున్న ఇరవై కేజీల తూకపురాయిని నేనూ ఆమే పట్టి లాగి కాటా మీద పెట్టాం. గుండు జరిపింది. పట్టీ నిలిచింది.

పదమూడు.

ప్రభుత్వం ముద్ర కొట్టిన ఇరవై కేజీల ఇనుపరాయి ఆ కాటా మీద పదమూడు కేజీలు తూగింది. మేమిద్దరం దాన్ని చూస్తూ ఉండిపోయాం. అంకె మారదు కదా, అయినా చూశాం. తర్వాత నేను చివర వేలాడే పళ్ళెం కింద చెయ్యి పెట్టాను. వేళ్ళకు ఏదో గరుకుగా తగిలింది. వంగి చూస్తే, సన్నని తీగకు గుచ్చి కట్టిన ఇనుప వాషర్లు, నట్ల కింద వేస్తారే అవి. ఆ పళ్ళెం దగ్గర చిన్న బరువు వేసినా ఇటు పలక మీద పెద్ద బరువు తేలిపోతుంది, బస్తాలు తూచేది ఆ కిటుకుతోనే. లెక్కపెట్టాను. పద్నాలుగు. శనివారానికి ఒకటి.

వెనక అలికిడైంది. వేణన్న గోడ పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

"ఏమండీ, ఇది ఎవరు కట్టినారు?" అంది వాసవక్క. ఆమె గొంతులో ఇంకా ఆశ ఉంది. ఎలుక కట్టిందంటే నమ్మేట్టు ఉంది.

"నేనే."

ఆమె బియ్యం బస్తా మీద కూలబడింది. నా ఎరుకలో ఆ మనిషి చింతపండులో గింజ బరువు కూడా తగ్గించి ఇచ్చేవాడు. ఆ చేతులు దొంగ తూకం కట్టాయంటే, రేపు తెల్లవారి పొద్దు పడమట పొడుస్తుందన్నా నేను సరే అనేదాన్ని.

"తూకంలో నోటితో అబద్ధం చెప్పలేదు వాసవీ" అన్నాడు వేణన్న. "కాటా ఏం చూపిస్తే అదే చదివినా."

"కాటా నోరు కట్టేసింది నువ్వే కదా!"

ఆయన తల వంచుకున్నాడు. "ఆ పొద్దు ఆసుపత్రిలో నువ్వు లోపల ఉన్నప్పుడు, నీలాంటి ఆమెనే చక్రాల మంచం మీద తీసుకుపోయినారు. ముఖం నిండా గొట్టాలు. మొగుడికి ఇచ్చిందంట. నాకు గుండె జారిపోయింది. నన్ను ఎట్లాగూ కోస్తారు, కోయనీ. నిన్నేమిటికి కోయాల? ఇద్దరం ఒకే పూట బల్ల మీద పడుకుంటే, అటూ ఇటూ అయితే, సుచరితకు ఎవరుంటారు? వద్దంటే నువ్వు వింటావా? బరువు తగ్గలేదని తెలిస్తే పస్తులుండి అయినా తగ్గుతావు, నీ మొండితనం నాకు తెలుసు. అందుకే తగ్గినట్లు చూపించినా. గడువుకు పోతే ఆసుపత్రిలో వాళ్ళే పనికిరావంటారు, నా నోటితో వద్దని చెప్పే పని ల్యాకుండా పోతాదనుకున్నా."

"బజ్జీలు కూడా అందుకే తెచ్చినావా?"



వాసవక్క అరవలేదు. నేను ఆమె అరుస్తుందేమోనని చూశాను, అరిస్తే బాగుండుననుకున్నాను. "నువ్వు గిరాకీకి తక్కువ తూచింటే కూడా పోనీలే అనుకునేదాన్ని" అంది నెమ్మదిగా. "నాకు తక్కువ తూచినావు. మూడున్నర నెలలు. నీకు ఉండే దినాలే అన్ని లేవంటాండాడు డాక్టరు. వాటిలో నుంచి మూడున్నర నెలలు తీసి పారేసినావు. నువ్వు పోయినాక ఈ ఎనభై నాలుగు కేజీలు పెట్టుకుని నేనేం చేసుకోవాల?"

వేణన్న గడపలోనే కూర్చుండిపోయాడు. నేను అక్కడ ఉండకూడదని తెలిసి కూడా కదలలేకపోయాను. కొంచెంసేపటికి ఆయన జేబులో నుంచి నాలుగు మడతల కాగితం తీసి కింద పెట్టాడు. చెమటకు మడతల దగ్గర చిరిగి ఉంది. శివాని రాసిచ్చిన కాగితం. ఈ మూడున్నర నెలలూ చొక్కా మార్చినప్పుడల్లా దాన్ని జేబు మార్చుకుంటూ తిరిగాడు. పారేయడానికి కూడా చేతులు రాలేదు పిచ్చి మారాజుకు.

వాసవక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మందులు మాత్రం వేళకు ఇచ్చింది. శనివారం పొద్దున నన్ను పిలిచింది. వాషర్లు ఊడదీసి కిటికీలో పెట్టింది. కాటా మీద ఇరవై కేజీల రాయి ముందు పెట్టించింది. ఇరవై చూపించాక తానెక్కింది.

"చదువు" అంది ఆయనతో.

"మాదేవమ్మ చదువుతాదిలే."

"నువ్వే చదవాల."

ఆయన గుండు జరిపాడు. "ఎనభై నాలుగు" అన్నాడు.

ఆ రోజు నుంచి కాగితంలో ఉన్నట్టు తింది. మధ్యాహ్నం రొట్టెలు మూడు ఉండేవి ఒకటైంది, కూర గిన్నెడైంది. చెనగ గుగ్గిళ్ళు గుప్పెడు, మజ్జిగ, ఆకుకూర పప్పు. గిన్నెల్లో మిగిలింది తినడం మానేసింది. అది ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. తెల్లవారుజామున ఓర్వకల్లు రోడ్డు మీద నేనూ ఆమే గంటసేపు నడిచేవాళ్ళం. రాత్రిపూట మాత్రం గుప్పెడన్నం తినేది, కాగితంలో అలాగే ఉంది. వీధిలో ఆడవాళ్ళకు అది పెద్ద వింతైపోయింది. కాటా సంగతి వాళ్ళకు చెప్పలేక, రాత్రి మహిమ ఏమీ లేదు, మొత్తం తిండి లెక్క అని మాత్రం చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. "నేను నిజంగానే తగ్గినా కదా మాదేవమ్మా" అంది ఉరుకుందమ్మ. ఆమె రాత్రిళ్ళు మజ్జిగ తాగి పడుకుంటోంది, పలారం చేసుకునే ఓపిక లేక. తగ్గదా మరి!

మరుసటి శనివారం ఎనభై నాలుగులో చుక్క తేడా లేదు. వాసవక్క ముఖం చూడలేకపోయాను. ఆ పై శనివారం ఎనభై మూడున్నర. అది నీళ్ళ బరువో ఏమో అని ఆమె సంతోషపడలేదు. ఒకసారి మోసపోయిన మనిషి కదా, మంచి అంకెను చూసినా ఉలిక్కిపడుతోంది.

ఆ తర్వాతి శనివారం వేణన్న నిలబడలేక స్టూలు మీద కూర్చుని గుండు జరిపాడు. నేను అప్పటికే టేపుతో కొలత తీసి ఉన్నాను, నడుము నలభై ఒకటిన్నర. ఎవరికీ చెప్పలేదు. ముందు ఆయన నోటి నుంచి రావాలని ఊరుకున్నాను. పట్టీ ఊగి ఊగి నిలిచింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. అంకె చదవలేదు. ఒక కేజీ తగ్గినావు అని కూడా అనలేదు. చదివితే ఆ దారి ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. చక్రాల మంచం దాకా పోతుంది.

"లాభం" అన్నాడు.

వాసవక్క రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే, ఆ పలక మీదే, భుజాలు అదిరేట్టు ఏడ్చింది. పైన పట్టీ టకటకా కొట్టుకుంది.

"కదలొద్దు వాసవీ" అన్నాడు వేణన్న. "తూకం తప్పుతాది."